ఫణిగిరి గుట్ట మీద మన గేమ్ ఎప్పుడు?

1999లో వచ్చిన ‘టూంబ్ రైడర్: ది లాస్ట్ రివలేషన్’ దాదాపు మొత్తం ఈజిప్టు శిథిలాల్లోనే సాగుతుంది. చిక్కుముడి విప్పితేనే తలుపు తెరుచుకుంటుంది. ఆ సరుకు మన సూర్యాపేట జిల్లాలోనూ ఉంది. ఫణిగిరి గుట్టపై బౌద్ధ స్తూపం, విహారాలు ఉన్నాయి. 2024 మార్చిలో అక్కడి తవ్వకాల్లో ఒకే కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. పజిల్‌కు ఇంతకన్నా ఏం కావాలి?

ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చింది కదా, ఇక గేముల్లో భవిష్యత్తు లేదనుకోవద్దు. 2025లో నిషేధించింది డబ్బు పెట్టి ఆడే ఆటల్నే. కొలువులు మాత్రం హైదరాబాద్, పుణె, బెంగళూరుల్లోనే ఎక్కువ. కోదాడ, మిర్యాలగూడలో బీటెక్ చదివేవాళ్లు అక్కడ పోటీపడాలంటే సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు, ఆడి చూడగల డెమో ఉండాలి. గోడో ఇంజిన్ పూర్తిగా ఉచితం. కోడింగ్ మీరు చూసుకున్నా, బొమ్మలు గీసే డిగ్రీ ఫ్రెండ్ ఒకరు జట్టులో ఉండాల్సిందే. పది నిమిషాల ఆటైనా చాలు, కానీ పూర్తయి ఉండాలి.