ఖాతా నాన్నది, చూపు పిల్లాడిది

చిలకలూరిపేటలో నాకో సెల్ షాపు ఉంది. రీఛార్జీలు చేయడం, పగిలిన డిస్‌ప్లేలు మార్చడం, కొత్త ఫోన్ కొన్నవాళ్లకు జీమెయిల్, వాట్సాప్ పెట్టివ్వడం నా పని. పదహారేళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఆపే ఆలోచన ఉందని మంత్రి లోకేశ్ 2026 జనవరిలో దావోస్‌లో చెప్పినప్పటి నుంచి షాపుకొచ్చే తల్లిదండ్రులు ఆశగా అడుగుతున్నారు: "బాబాయ్, నిజంగా ఆపేస్తారా?" ఆపితే నాకూ సంతోషమే. కాకపోతే అందరూ ఉదాహరణగా చూపిస్తున్న ఆస్ట్రేలియా చట్టం మా ఇళ్లకు అతకదు.

ఆ చట్టం 2025 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్, యూట్యూబ్ వంటి వేదికలు 16 ఏళ్లలోపు వాళ్లకు ఖాతాలు లేకుండా చూడాలి. లేదంటే 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా జరిమానా. పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ శిక్ష లేదు, అది మెచ్చుకోవాల్సిన సంగతి. సుమారు 47 లక్షల ఖాతాలు మూతపడ్డాయని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది కూడా. అయితే లాగిన్ కాకుండా యూట్యూబ్ చూసే పిల్లాడికి అక్కడా అడ్డు లేదు. చట్టం పట్టుకునేది ఖాతాను.

మా దగ్గర ఖాతా ఎవరిది? సిమ్ తాతయ్య ఆధార్ మీద ఉంటుంది. జీమెయిల్ మేనమామ ఎప్పుడో పెట్టిచ్చాడు. నాన్న స్పిన్నింగ్ మిల్లులో డ్యూటీ దిగి వచ్చి అన్నానికి కూర్చునేలోపే ఫోన్ పిల్లల చేతిలోకి వెళ్తుంది. యాప్ లెక్కలో మాత్రం రీల్స్ చూస్తున్నది నలభై ఏళ్ల మగమనిషి. అతనికి తగ్గవే వరసగా వస్తుంటాయి, ఆరో తరగతి పిల్లాడు చూస్తుంటాడు.

ఇది మా పేట సంగతొక్కటే కాదు. గ్రామీణ పిల్లల మీద జరిగిన అసర్ 2024 సర్వే ప్రకారం, 14-16 ఏళ్ల వాళ్లున్న ఇళ్లలో దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. వాడడం వచ్చిన 14 ఏళ్ల పిల్లల్లో సొంత ఫోన్ ఉన్నది మాత్రం 27 శాతానికే. అయినా ఫోన్ వాడడం వచ్చిన 14-16 వయసు వాళ్లలో 76 శాతం మంది అంతకుముందు వారంలో సోషల్ మీడియా చూశామన్నారు. మరి చాలామంది ఎవరి ఫోన్‌లో చూసినట్టు?

తల్లిదండ్రుల అనుమతి పెడితే చాలంటారు కొందరు. 2023 నాటి కేంద్ర డేటా రక్షణ చట్టంలో ఆ నిబంధన ఉంది. 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలు తీసుకోవాలంటే పెద్దవాళ్ల ధ్రువీకరించిన సమ్మతి కావాలి. పిల్లలకు గురిపెట్టిన ప్రకటనలు కూడదు. తప్పితే 200 కోట్ల దాకా జరిమానా. కాగితం మీద బాగుంది. కానీ మా ఇళ్లలో సమ్మతి అంటే ఓటీపీ. అదొచ్చేది పిల్లాడి చేతిలో ఉన్న ఫోన్‌కే. అమ్మకు వచ్చిన ఓటీపీని చదివిపెట్టేదీ వాడే.

సొంత ఫోన్, సొంత ఐడీ ఉన్న పిల్లలకు వయసు పరిమితి కొంత కాపుదలే. ముక్కూమొహం తెలియనివాళ్ల మెసేజీలైనా తగ్గుతాయి. మిగతావాళ్ల కోసం చట్టం ఖాతాను వదిలి యాప్ నడిచే తీరును పట్టుకోవాలి. వీడియో దానంతటదే మొదలవడం, రీల్స్‌కు అంతు లేకపోవడం, తెలియనివాళ్లు మెసేజ్ పెట్టగలగడం, ఇవన్నీ మొదటి నుంచీ అందరికీ ఆపి ఉండాలి. కావలసిన పెద్దవాళ్లు తెరుచుకుంటారు, ప్రతిసారీ పిన్ కొట్టి. కొత్త ఫోన్ ఆన్ చేయగానే "ఈ ఫోన్ పిల్లలు కూడా వాడతారా?" అని తెలుగులో అడగాలి. ఇలాంటి సెట్టింగులు ఇప్పుడూ కొన్ని ఉన్నాయి గానీ, ఎక్కడో లోపల ఉంటాయి. వాటి కోసం జనం నా దగ్గరికి రావాల్సి వస్తోంది.

ఇది చాలావరకు ఢిల్లీ చేతిలోని పని. రాష్ట్రం గట్టిగా అడగాల్సింది కూడా దీన్నే. ఖాతాకో వయసు రుజువు కావాలని మాత్రమే రూలు పెడితే, ఆ రుజువులు ఎక్కించి పెట్టమని జనం మా షాపుల ముందు వరస కడతారు. మనిషికి యాభై చొప్పున మా గల్లాలు నిండుతాయి. పిల్లాడు మాత్రం నాన్న ఫోన్‌లో రీల్స్ చూస్తూనే ఉంటాడు.