‘ఎవరితోనైనా సంబంధం ఉందా?’ అని అడిగితే అబద్ధమే ఎందుకు వస్తోంది?

సికింద్రాబాద్ స్టేషన్‌కి దగ్గర్లోనే రెజిమెంటల్ బజార్. ఇరుకు గల్లీలు, గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. మెడికల్ షాపులో ఏం అడిగినా పక్కన నిలబడ్డవాళ్లకి వినబడుతుంది. ఇలాంటి చోట పెళ్లికాని పాతికేళ్ల అమ్మాయిని ఈ ప్రశ్న అడిగితే, ఉన్నా లేకపోయినా జవాబు ఒక్కటే... ‘లేదు’. అదే అబ్బాయిని దోస్తులు అడిగితే, లేనిది కూడా కలిపి చెప్పేస్తాడు.

ఇది ఒక్క గల్లీ ముచ్చట కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనే చూడండి. గత 12 నెలల్లో జీవిత భాగస్వామి, సహజీవన భాగస్వామి కాకుండా వేరే వ్యక్తితో సెక్స్‌లో పాల్గొన్నామని చెప్పిన మగవాళ్లు 4 శాతం. ఆడవాళ్లు 0.5 శాతమే. ఎనిమిది రెట్ల తేడా! మరి ఆ మగవాళ్లంతా ఎవరితో ఉన్నట్టు? ఇంటింటి సర్వేకి సెక్స్ వర్కర్లు అంతగా దొరకరన్నది నిజమే. కానీ అంత తేడాకి అదొక్కటే కారణం అనుకోవడం కష్టం.

అమెరికాలో అలెగ్జాండర్, ఫిషర్ అనే ఇద్దరు పరిశోధకులు 2003లో ఓ స్టడీ బయటపెట్టారు. పెళ్లికాని కాలేజీ స్టూడెంట్స్‌ని ఎంతమందితో సంబంధం ఉందని అడిగారు. తమ జవాబు వేరేవాళ్లు చూస్తారనుకున్న అమ్మాయిలు చెప్పిన సగటు 2.6. ఉత్తుత్తి లై డిటెక్టర్ తగిలించగానే అది 4.4 అయింది. అబ్బాయిల లెక్క మాత్రం పెద్దగా కదల్లేదు. అంటే మగపిల్లల గొప్పల కంటే ఆడపిల్లల భయమే పెద్దదన్నమాట.

భయం ఊరికే రాదు. ‘కలియుగ పాండవులు’ హీరోయిన్ ఖుష్బూ సంగతే తీసుకోండి. పెళ్లికి ముందు సెక్స్ గురించి 2005లో ఓ పత్రికతో మాట్లాడినందుకు ఆమెపై 23 కేసులు పడ్డాయి. 2010 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. ఓ సినిమా స్టార్‌కే ఐదేళ్లు పట్టింది! సంబంధాలు చూస్తున్న ఇంట్లో మామూలు అమ్మాయి నోరు ఎలా విప్పుతుంది?

పెళ్లిచూపుల్లో దాస్తే అది వాళ్ల సొంత విషయం. చిక్కంతా డాక్టర్ దగ్గరే. కడుపునొప్పితో వచ్చిన అమ్మాయిని తల్లి ముందే అడుగుతారు. ఆమె ‘లేదు’ అంటుంది. ట్యూబులో గర్భం నిలిచిన కేసైతే, ఆ ఒక్క మాటతో గుర్తించడం ఆలస్యమై ప్రాణం మీదకి రావచ్చు. అబ్బాయిలూ తక్కువేం కాదు... సుఖవ్యాధి లక్షణాలున్నా ‘వేడి చేసింది’ అని మెడికల్ షాపు మాత్రలతో సరిపెట్టేస్తారు.

నిజానికి చట్టం వీళ్ల వైపే ఉంది. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం పరీక్షకి మన సమ్మతి కావాలి, రిజల్ట్ గోప్యంగా ఉంచాలి. అబార్షన్ చేయించుకున్న మహిళ వివరాలు బయటపెడితే 2021 సవరణ ప్రకారం జైలుశిక్ష కూడా పడొచ్చు. 2022లో సుప్రీంకోర్టు పెళ్లికాని మహిళలకూ 24 వారాల వరకు అబార్షన్ వెసులుబాటు వర్తిస్తుందని చెప్పింది.

18 ఏళ్లు నిండినవాళ్లు ‘డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడాలి’ అని అడగొచ్చు. ఎదురుగా చెప్పలేమనుకుంటే నాకో టోల్‌ఫ్రీ నంబర్ 1097 ఉంది.