మిత్రదేశం వార్త రాయాలంటే అక్కడి డెస్కులో కూర్చోవాలి

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఫెర్గస్ ఫాల్స్ అనే చిన్న పట్టణం ఉంది. ట్రంప్‌ను గెలిపించిన అమెరికా లోపల ఎలా ఉంటుందో చూపిస్తానంటూ 2017లో జర్మనీ వారపత్రిక 'డెర్ స్పీగెల్' ఆ ఊరి మీద పెద్ద కథనం వేసింది. రాసింది క్లాస్ రెలోటియస్, అప్పటికే అవార్డులు వరసగా అందుకుంటున్న విలేకరి. ఊరి మొదట్లో 'మెక్సికన్లు రావద్దు' అని బోర్డు పెట్టారన్నాడు. పట్టణ పాలనాధికారి పుట్టి బుద్ధెరిగాక సముద్రమే చూడలేదన్నాడు.

అక్కడ అలాంటి బోర్డు లేదు. ఆ అధికారి సముద్రపు ఒడ్డున దిగిన ఫొటో మాత్రం ఉంది. 2018 డిసెంబరులో స్పీగెలే తన విలేకరి కట్టుకథలను బయటపెట్టుకుంది. అప్పుడే ఫెర్గస్ ఫాల్స్‌కు చెందిన ఇద్దరు ఒక్కో అబద్ధాన్నీ ఏరి జాబితాగా రాశారు.

జర్మనీ, అమెరికాలది నాటో స్నేహం. స్పీగెల్‌కు పేరుమోసిన ఫ్యాక్ట్ చెకింగ్ విభాగం ఉంది. అయినా హాంబర్గ్‌లోని ఆ పత్రిక ఆఫీసులో ఎవరికీ అనుమానం రాలేదు. పల్లె అమెరికా గురించి మనసులో ముందే ఉన్న బొమ్మకు ఆ రాత అచ్చంగా సరిపోయింది మరి! అదే ముక్కను మిన్నెసోటాలోని ఏ స్థానిక పత్రిక డెస్కుకు ఇచ్చినా, 'ఆ బోర్డు ఎక్కడుంది బాబూ' అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయేది.

ఈ లోటు తీర్చే ఏర్పాటు ఒకటి ఎప్పటినుంచో నడుస్తోంది. అమెరికా ఫెడరల్ రిజర్వ్‌కు ఛైర్మన్‌గా చేసిన ఆర్థర్ బర్న్స్ 1981 నుంచి 1985 దాకా పశ్చిమ జర్మనీలో అమెరికా రాయబారి. అమెరికా పెర్షింగ్ క్షిపణులు వద్దంటూ లక్షలమంది జర్మన్లు రోడ్లెక్కిన కాలమది. ఆయన పేరు మీద 1988లో ఫెలోషిప్ మొదలైంది. మొదట జర్మన్ విలేకరులు అమెరికా వెళ్లారు. తర్వాత అమెరికన్లు, 2013లో కెనడావాళ్లు చేరారు. దాదాపు రెండు నెలలు అవతలి దేశపు పత్రికలోనో టీవీలోనో పనిచేస్తారు. అక్కడి ఎడిటర్ చెప్పిన వార్తకు పరుగెత్తాలి, సొంత పత్రికకూ రాసి పంపాలి.

రేడియో, టీవీ విలేకరులకు ఇలాంటి మార్పిడి కోసమే జర్మనీ, అమెరికా ప్రభుత్వాల ఒప్పందంతో 1992లో ఏర్పడ్డ రియాస్ బెర్లిన్ కమిషన్ కూడా ఉంది. దీంతోపాటే అభ్యంతరమూ పుడుతుంది. ప్రభుత్వాల సొమ్ముతో తిరిగొచ్చిన విలేకరి ఆ స్నేహాన్ని నిలదీస్తాడా?

అడగాల్సిన ప్రశ్నే. 2014లో జర్మన్ టీవీ వ్యంగ్య కార్యక్రమం 'డీ అన్‌స్టాల్ట్' కొందరు పెద్ద పత్రికల ఎడిటర్లకు అమెరికా అనుకూల సంస్థలతో ఉన్న సంబంధాలను బోర్డు మీద గీసి మరీ చూపించింది. 'డీ జైట్' పత్రికకు చెందిన ఇద్దరు కోర్టుకెళ్లారు. 2017 జనవరిలో జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు టీవీ పక్షానే తీర్పిచ్చింది.

అయితే ఆ ఎడిటర్లు తిరిగింది విందులు, సదస్సులు, పెద్దమనుషుల మధ్య. పరాయి ఊళ్లో స్కూలు బోర్డు సమావేశానికి వెళ్లి, రాత్రికి కాపీ ఇచ్చే విలేకరి పని వేరు. స్టార్ హోటల్లో దించి మంత్రులతో ఫొటోలు తీయించి పంపే వారం రోజుల పర్యటనకు ఫెలోషిప్ అని పేరు పెట్టడం మోసం. డబ్బు ఎవరిదో పాఠకుడికి చెప్పాలి. రాజధానికి దూరంగా పని ఇవ్వాలి. తిట్టి రాసినవాణ్ని మరుసటి ఏడు పిలవడం మానకూడదు.

భారత్, అమెరికా సైనిక ఒప్పందంతో కట్టుబడ్డ మిత్రులు కావు, భాగస్వాములు మాత్రమే. కానీ 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమని ట్రంప్ ప్రకటించిన రాత్రి కంటి మీద కునుకు లేని తెలుగిళ్లు ఎన్నో. ఆ దేశం గురించి మనం చదివేది మాత్రం ఎక్కువగా ఏజెన్సీ వార్తలు, అక్కడి తెలుగు సంఘాల ప్రెస్‌నోట్లు, వాట్సాప్ ఫార్వర్డులే. తెలుగు పత్రికల యాజమాన్యాలు కలిసి ఖర్చు పెట్టుకుని, ఏటా ఇద్దరు జిల్లా విలేకరులనైనా డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక స్థానిక పత్రికలో రెండు నెలలు కూర్చోబెట్టాలి. అక్కడివాళ్లకు కరీంనగర్‌లోనో గుంటూరులోనో ఒక కుర్చీ వేయాలి.