వాద్యాన్ని వదిలి వెళ్లిన మనిషి

రైల్లో ఒకసారి నా ఎదురు సీట్లో ఓ పెద్దాయన మృదంగాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పెట్టెను సీటు కిందికి తోసేశారు గానీ, దాన్ని మాత్రం రాత్రంతా కిందికి దించలేదు. కునుకు పట్టాక కూడా ఒక చెయ్యి దాని మీదే ఉంది. ఇది వెంట ఉంటే చాలు, ఎక్కడ దిగినా ఫరవాలేదన్న నిబ్బరమేదో ఆ చేతిలో కనిపించింది నాకు.

రఫాయెల్ కుబెలిక్ గురించి అనుకున్నప్పుడల్లా ఆ చెయ్యే గుర్తొస్తుంది. ఆయనకు ఆ నిబ్బరం లేదు. ఆయన ఆర్కెస్ట్రా కండక్టర్. కండక్టర్ వాద్యమంటే ఎదురుగా కూర్చున్న మనుషులే. వాళ్లను సంచిలో పెట్టుకుని రైలెక్కలేం కదా!

1914లో చెక్ ప్రాంతమైన బొహీమియాలోని ఓ పల్లెలో పుట్టారాయన. తండ్రి యాన్ కుబెలిక్ పేరు మోగిన వయొలిన్ విద్వాంసుడు. వయొలిన్ పెట్టె పట్టుకుని దేశదేశాలూ తిరిగారు. కొడుకూ వయొలిన్ నేర్చుకున్నారు, తండ్రి కచేరీల్లో పక్కన కూర్చుని పియానో వాయించారు. చివరికి మాత్రం కండక్టర్ ఊపే, చప్పుడు చెయ్యని సన్నటి కర్రే చేతబట్టారు. పందొమ్మిదేళ్ల వయసులో చెక్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఎదుట మొదటిసారి నిలబడ్డారు. 1942లో, ప్రాగ్ నాజీల గుప్పిట్లో ఉన్న రోజుల్లో, దానికే ప్రధాన కండక్టర్ అయ్యారు. అధికారుల ముందు చెయ్యి చాపి నాజీ వందనం చెయ్యడానికి ఆయన ఒప్పుకోలేదు.

యుద్ధం ముగిసింది, ఊపిరి పీల్చుకున్నారు. కానీ 1948 ఫిబ్రవరిలో దేశంలో కమ్యూనిస్టులు అధికారాన్ని చేజిక్కించుకున్నారు. ఒక నిరంకుశత్వాన్ని భరించిన మనిషికి ఇంకొకదాన్ని భరించే ఓపిక లేకపోయింది. ఆ ఏడాది ఎడింబరో ఉత్సవంలో మోజార్ట్ ఆపెరా నడిపించమని పిలుపొస్తే విమానమెక్కారు. విమానం దేశం దాటుతుండగా భార్యకు చెప్పారట, మనం ఇక తిరిగి వెళ్లడం లేదని.

ఆ మాట విన్నాక ఆవిడ కిటికీలోంచి కిందికి చూసి ఉంటారా? నాకెప్పుడూ ఈ సందేహమే.

తర్వాత అంతా ఊళ్ల పేర్లే. చికాగోలో మూడేళ్లు, లండన్‌లో మూడేళ్లు, మ్యూనిక్‌లో బవేరియన్ రేడియో ఆర్కెస్ట్రాతో పద్దెనిమిదేళ్లు. పేరొచ్చింది, గౌరవాలొచ్చాయి. 1956లో స్వదేశం నుంచి కబురూ వచ్చింది, తిరిగి రండి, మీ ఇష్టం వచ్చినట్టు పని చేసుకోవచ్చని. రాజకీయ ఖైదీలందరినీ వదిలిపెట్టండి, నాలా దేశం విడిచిన ప్రతివాళ్లకూ ఇదే స్వేచ్ఛ ఇవ్వండి, అప్పుడు ఆలోచిస్తానన్నారాయన. నాకు ఈ జవాబంటే చాలా ఇష్టం. తన ఒక్కడి కోసం తెరిచిన తలుపులోంచి లోపలికి వెళ్లబుద్ధి కాలేదు ఆయనకు.

అలాగని ఇల్లు మరిచిపోయిందీ లేదు. చెక్ స్వరకర్త స్మెతనా రాసిన 'మా వ్లాస్త్' అనే పెద్ద రచన ఉంది. 'నా దేశం' అని అర్థం. మన చెవికి ఆ మొదటి మాట అచ్చం మన 'మా' లాగే వినపడుతుంది. ఆరు భాగాల్లో రెండోది వల్తావా నది. రెండు చిన్న ఊటల్లా రెండు వేణువులతో మొదలై, అడవిలో వేటను, పల్లెలో పెళ్లి సందడిని దాటుకుంటూ ప్రాగ్ చేరుతుంది. స్మెతనాకు పూర్తిగా చెవుడు వచ్చాక రాసిన నది అది. లోపల తప్ప బయట ఎన్నడూ వినలేదు.

ఈ 'మా వ్లాస్త్'ను కుబెలిక్ చికాగోలో రికార్డు చేశారు. మళ్లీ వియన్నాలో, మళ్లీ బోస్టన్‌లో, మళ్లీ మ్యూనిక్‌లో. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో వల్తావాను కంటితో చూడనివాళ్లు ఎంతోమంది ఉండి ఉంటారు. పరాయి ఊళ్లో పుట్టిన పిల్లలకు అమ్మమ్మగారి ఊరి చెరువు గురించి చెప్పినట్టు, ఎక్కడికి వెళ్తే అక్కడివాళ్లకు తన నదిని చెప్పుకుంటూ వచ్చారాయన.

1985 నాటికి వెన్నులో కీళ్లనొప్పులు ముదిరి కర్ర పక్కన పెట్టేశారు. కథ అక్కడితో ముగిసినట్టే అనుకున్నారందరూ. నాలుగేళ్లకు ప్రాగ్ వీధుల్లోకి జనం వచ్చారు, ప్రభుత్వం మారింది. 1990 మే 12న, స్మెతనా వర్ధంతి రోజున, డెబ్బై అయిదేళ్ల మనిషి నలభై రెండేళ్ల తర్వాత తన చెక్ ఫిల్హార్మోనిక్ ముందుకు 'మా వ్లాస్త్' కోసం వచ్చి నిలబడ్డారు. 1946లో ప్రాగ్ వసంతోత్సవాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఆయనా ఒకరు. ఈ కచేరీ జరిగిందీ ఆ ఉత్సవంలోనే. ఎదురుగా ఉన్నవాళ్లలో ఎంతోమంది, ఆయన వెళ్లేనాటికి పుట్టి కూడా ఉండరు. వాద్యం పేరు అదే, మనుషులు వేరు.

ఆరేళ్లకు స్విట్జర్లాండ్‌లో కన్నుమూశారు. వల్తావా ఒడ్డున విషెహ్రాద్ కొండ మీద, తండ్రి పక్కనే ఆయన్ను పడుకోబెట్టారు. 'మా వ్లాస్త్' మొదటి భాగం పేరు కూడా విషెహ్రాదే.

1990 నాటి కచేరీ రికార్డింగు ఇప్పటికీ దొరుకుతుంది. మొదట రెండు హార్పులు మాత్రమే మోగుతాయి, పాతకాలం గాయకుడు తంత్రులు సవరించుకుంటున్నట్టు. మిగతావాళ్లంతా వాద్యాలు పట్టుకుని ఎదురు చూస్తుంటారు. ఆ కాసేపూ కండక్టర్‌కు పెద్దగా పనేమీ ఉండదు. నిలబడి వినడమే.