జడ్జిల పేర్లు రాగానే చెయ్యి ఎందుకు ఆగిపోతోంది?

టెక్సస్‌లో ఓటున్న తెలుగువాళ్ళలో నాకు తెలిసిన చాలామంది సగం బ్యాలెట్‌కే ఓటేసి ఇంటికి వస్తున్నారు. ప్రెసిడెంటు, సెనేటరు, గవర్నరు దాకా హుషారుగా నొక్కుతారు. ఆ తర్వాత జడ్జిల పేర్లు మొదలవుతాయి. రాష్ట్ర సుప్రీంకోర్టు, క్రిమినల్ అప్పీల్స్ కోర్టు, డిస్ట్రిక్ట్ కోర్టులు, కౌంటీ కోర్టులు, ప్రొబేట్ కోర్టులు, చివర్లో జస్టిస్ ఆఫ్ ద పీస్. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో అయితే ఆ జాబితా ఒక పట్టాన తెమలదు. ‘వీళ్ళెవరో మనకేం తెలుసు’ అనుకుని అన్నీ దాటేసి, స్టిక్కర్ అంటించుకుని ఫోటో దిగుతారు. దీన్ని మొహమాటం లేకుండా బాధ్యతారాహిత్యం అనే అంటాను.

ఈ అలవాటు ఎక్కడిదో తెలుసు. ఇండియాలో జడ్జిని మనం ఎన్నుకోం. కింది కోర్టు జడ్జి పరీక్ష రాసి వస్తాడు, హైకోర్టు జడ్జి కొలీజియం సిఫారసు మీద వస్తాడు. మనం పోయి నమస్కారం పెట్టుకోవడమే. టెక్సస్‌లో అలా కాదు. మధ్యలో ఖాళీ అయిన కుర్చీని తాత్కాలికంగా నింపడం వేరే సంగతి, మిగతా సమయమంతా ఈ కోర్టుల జడ్జి పార్టీ టికెట్ మీద నిలబడి ఓట్లు అడగాల్సిందే. రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జికి 6 ఏళ్ళు, డిస్ట్రిక్ట్ జడ్జికి 4 ఏళ్ళు. ఆ కుర్చీలో కూర్చోబెట్టేది మీరే, దింపేదీ మీరే.

‘కోర్టులతో మనకేం పని’ అనే పెద్దమనుషులు ఒక్కసారి ఆలోచించండి. మాస్టర్స్‌కి వచ్చిన కుర్రాడు అపార్ట్‌మెంట్ ఖాళీ చేశాక డిపాజిట్ తిరిగి ఇవ్వకపోతే ఎక్కడికి పోతాడు? జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టుకే. 20,000 డాలర్ల దాకా తగాదాలు అక్కడే తేలతాయి. అద్దె కట్టలేకపోయిన కుటుంబాన్ని ఇంట్లోంచి పంపించే దావా కూడా అక్కడే. కేసు వేసిన మూడు వారాల్లోపే విచారణ, తీర్పు నచ్చకపోతే అప్పీలుకి 5 రోజులు. ఇంత అధికారం ఉన్న ఆ జడ్జికి లా డిగ్రీ ఉండాలన్న నియమం కూడా లేదు. అక్కడ కూర్చునే మనిషి ఓపికగా వినేవాడా, రెండు నిమిషాల్లో ఫైలు మూసేవాడా అన్నది ఓటరు చేతిలో ఉంది. మనవాళ్ళు ఆ గడినే ఖాళీగా వదిలేస్తున్నారు.

మొగుడూ పెళ్ళాల గొడవలో ఎవరో 911కి ఫోన్ చేస్తారు. పోలీసులు వస్తారు, కేసు కౌంటీ కోర్టుకి వెళ్తుంది. హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఆ ఒక్క కేసుతో వీసా, గ్రీన్‌కార్డు, ఈ దేశంలో బతుకు, అన్నీ ప్రమాదంలో పడతాయి. అవతల దెబ్బలు తిన్న ఆడపిల్లకి రక్షణ ఉత్తర్వు దొరకాలన్నా జడ్జే ఇవ్వాలి. విడాకుల కేసులో బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో, అమ్మమ్మా తాతయ్యల్ని చూడ్డానికి హైదరాబాద్ తీసుకెళ్ళొచ్చో లేదో చెప్పేదీ జడ్జే. ఇలా కోర్టు మెట్లెక్కే మనవాళ్ళలో చాలామందికి అసలు ఓటే లేదు. పౌరసత్వం వచ్చినవాళ్ళు వేసే ఓటు వాళ్ళ తరఫున కూడా పడుతోంది. మీరు వదిలేస్తే వాళ్ళ తరఫున అడిగే నాథుడు లేడు.

పెన్సిల్వేనియాలోని లజర్న్ కౌంటీలో జరిగింది ప్రతి అమ్మా నాన్నా తెలుసుకోవాలి. మార్క్ చావరెల్లా 1995లో ఎన్నికైన జడ్జి. 2005లో ‘కొనసాగించాలా, వద్దా’ అన్న ఓటులో జనం ఆయన్ని మళ్ళీ నిలబెట్టారు. అప్పటికే ఆయనకీ, మైకేల్ కానహన్ అనే ఇంకో జడ్జికీ ప్రైవేటు బాలల నిర్బంధ గృహాల వైపు నుంచి డబ్బు అందుతోంది. మొత్తం 28 లక్షల డాలర్లు. స్కూలు వైస్ ప్రిన్సిపల్ మీద వెక్కిరింపుగా ఇంటర్నెట్‌లో పేజీ పెట్టిన ఒక అమ్మాయికి చావరెల్లా మూడు నెలల నిర్బంధం వేశాడు. పక్కన లాయరు లేడు. అలాంటి పిల్లల కేసులు వేలల్లో ఉన్నాయి, తర్వాత రాష్ట్ర సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. కోర్టులో నిలబడ్డ ప్రాసిక్యూటర్లూ లాయర్లూ చూస్తూ ఊరుకున్నారు. 2011లో చావరెల్లాకి 28 ఏళ్ళ జైలు పడింది. ఆ పిల్లలు పోగొట్టుకున్న చదువులూ, చెదిరిపోయిన కుటుంబాలూ ఏ తీర్పుతోనూ తిరిగి రాలేదు.

‘మేం పార్టీ చూసి టిక్ పెట్టేస్తాం’ అనేవాళ్ళకి హారిస్ కౌంటీ సంగతి చెబుతాను. చిన్న నేరాల్లో బెయిలు డబ్బు కట్టలేని పేదల్ని జైల్లో ఉంచడం రాజ్యాంగ విరుద్ధమని 2017లో ఫెడరల్ జడ్జి తేల్చారు. అక్కడి కౌంటీ జడ్జిల్లో ఎక్కువమంది ఒప్పుకోక, ప్రజల సొమ్ముతోనే కోర్టుల్లో పోరాడారు. 2018 నవంబర్లో ఓటర్లు వాళ్ళని తుడిచేశారు, 2019లో కొత్త జడ్జిలు రాజీ కుదిర్చారు. ఇంతవరకూ మంచి జరిగింది. కానీ ఆ సంస్కరణ కావాలని సాటి జడ్జిలకి ఎదురు నిలిచిన రిపబ్లికన్ జడ్జి మైక్ ఫీల్డ్స్ కూడా అదే ఊపులో ఓడిపోయాడు. పేరు పక్కన ఉన్న పార్టీని చూశారు, మనిషి చేసిన పని చూడలేదు. ఒకే నొక్కుతో పార్టీ మొత్తానికి ఓటేసే పద్ధతిని టెక్సస్ 2020 నుంచి తీసేసింది. ఇప్పుడు ప్రతి జడ్జికీ విడిగా నొక్కాలి. కాబట్టి మీరు ఖాళీగా వదిలితే అది నిజంగా ఖాళీయే.

ఆ ఖాళీని డబ్బు నింపుతుంది. 2004లో వెస్ట్ వర్జీనియాలో బొగ్గు కంపెనీ అధినేత డాన్ బ్లాంకెన్‌షిప్ సుమారు 30 లక్షల డాలర్లు కుమ్మరించి తనకి కావాల్సిన అభ్యర్థిని రాష్ట్ర సుప్రీంకోర్టులో కూర్చోబెట్టాడు. ఆ కంపెనీ మీద పడ్డ 5 కోట్ల డాలర్ల తీర్పుని ఆ జడ్జి ఓటుతోనే 3-2 తేడాతో కొట్టేశారు. ఆ కేసు నుంచి అతను తప్పుకుని ఉండాల్సిందని 2009లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2025లో విస్కాన్సిన్‌లో ఒక్క జడ్జి కుర్చీ కోసం రెండు వైపులా కలిపి 10 కోట్ల డాలర్లకి పైగా ఖర్చుపెట్టారు. వాళ్ళకి ఆ కుర్చీ విలువ తెలుసు. తెలియనిది మనకే.

మన తెలుగు సంఘాలకీ ఈ పాపంలో వాటా ఉంది. ఆంధ్రా ఎమ్మెల్యే వస్తే హోటలు హాలు బుక్ చేసి, శాలువాలు కప్పి, విందులు పెడతారు. విజయవాడ రాజకీయాల మీద డల్లాస్‌లో కార్ల ర్యాలీలు తీస్తారు. మనం ఉంటున్న కౌంటీలో ఫ్యామిలీ కోర్టు జడ్జి పేరు అడగండి, నోరు పెగలదు. ఉగాది వేదిక మీద ఒక్క గంట కేటాయించి జడ్జి అభ్యర్థుల్ని పిలిచి ప్రశ్నలడిగిన సంఘాన్ని నేనింకా చూడలేదు.

తెలుసుకోవడం కష్టమన్న మాట నమ్మను. నమూనా బ్యాలెట్ కౌంటీ ఎన్నికల వెబ్‌సైటులో దొరుకుతుంది. హ్యూస్టన్, డల్లాస్ బార్ అసోసియేషన్లు లాయర్ల చేత జడ్జిల మీద అభిప్రాయం అడిగి ప్రకటిస్తాయి. తప్పు చేసిన జడ్జిల మీద బహిరంగంగా తీసుకున్న చర్యల్ని జుడీషియల్ కాండక్ట్ కమిషన్ ప్రచురిస్తుంది. కోర్టు తలుపులు మూసి ఉండవు, ఒక పూట వెనక బెంచీలో కూర్చుంటే ఎవరు మనిషిని మనిషిలా చూస్తున్నారో తెలిసిపోతుంది. ఒకే పార్టీకి బలమున్న కౌంటీల్లో అసలు పోటీ మార్చి ప్రైమరీలోనే ముగిసిపోతుంది, నవంబరుదాకా ఆగకండి. ఓటేసే చోటికి 100 అడుగుల లోపల ఫోన్ వాడనివ్వరు, కాగితం మాత్రం తీసుకెళ్ళనిస్తారు. ఇంట్లో కూర్చుని ఎవరికి ఓటేయాలో రాసుకుని ఆ కాగితం జేబులో పెట్టుకోండి. వాట్సాప్ గ్రూపులో పండగ ఫోటోలతో పాటు దాన్నీ పంచండి. వచ్చే ఎన్నికల్లో బ్యాలెట్ ఆఖరి పేరు దాకా వెళ్ళి, ఆ తర్వాతే బూత్ దాటి బయటికి రండి.