ఇందులో బొమ్మేది?

ఈ సంచికలో మేము ఒక తప్పు ఒప్పుకోవాలనుకుంటున్నాం. దాంతోపాటు ఒక మాట చెప్పాలనుకుంటున్నాం.

మన శివ్వంపేట హాస్టల్‌లో మేము పదో తరగతి చదివిన ఏడాది వార్షికోత్సవానికి "మీకు నచ్చిన పాటకు బొమ్మ వేయండి" అని పోటీ పెట్టారు. అందరం చార్టులు ముందేసుకుని కూర్చున్నాం. దేశభక్తి పాటకు జెండా, వాన పాటకు గొడుగు, బతుకమ్మ పాటకు పట్టులంగా కట్టిన ఆడపిల్ల. ఏడో తరగతి తమ్ముడు ఒకడు మాత్రం చార్టు నిండా ఆకుపచ్చ గీతలు గీశాడు. పైన ఒక పొడుగు గీత, దాని కింద పొట్టి గీతల గుంపు. మళ్లీ పొడుగు గీత, మళ్లీ గుంపు. మధ్యమధ్య తెల్లగా వదిలేశాడు. అడుగున మట్టి రంగు పూశాడు.

"ఇందులో బొమ్మేదిరా?" అని నవ్వాం.

"నాట్లేసేటప్పటి పాట అన్నా. మా అమ్మ ముందు అందుకుంటది, ఎనుక అందరు అంటరు."

"మరి ఈ ఖాళీలేంది?"

"ఆడ నడుము లేపుతరు."

దానికి ఇంకా ఎక్కువ నవ్వాం. బహుమతి జెండా బొమ్మకు వచ్చింది. అది మాలో ఒకరిదే. ఆ తమ్ముడి చార్టు మడతపడి అతని పెట్టె అడుగుకు చేరింది. తర్వాత అతను బొమ్మలు వేయగా మేము చూడలేదు. ఆ జెండా ఎలా వేశామో ఇప్పుడు మాకు గుర్తు లేదు. ఆ తెల్లటి ఖాళీలు మాత్రం గుర్తున్నాయి.

అతను వేసినదానికి ఒక పేరుందని మాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. కనిపించే వస్తువును ఉన్నదున్నట్టు వేయకుండా రంగులు, గీతలు, ఆకారాలతోనే భావం చెప్పే పద్ధతిని నైరూప్య చిత్రకళ అంటారు. పాట విని అలాంటి చిత్రాలు వేసినవాళ్లు ప్రపంచంలో ఎందరో ఉన్నారు. రష్యాలో పుట్టిన కాండిన్‌స్కీ న్యాయశాస్త్రం చదివి, ముప్పై ఏళ్ల వయసులో ఆ దారి వదిలి, బొమ్మలు నేర్చుకోవడానికి జర్మనీలోని మ్యూనిక్‌కు వెళ్లాడు. 1911 జనవరిలో అక్కడ షోన్‌బర్గ్ అనే సంగీతకారుడి కచేరి విన్నాడు. ఆ వెంటనే చిత్తు గీతలు గీసుకున్నాడు. వాటిలో పియానో, విన్నవాళ్లు పోల్చుకునేలా ఉన్నారు. రంగుల్లోకి వచ్చేసరికి పియానో ఒక నల్లని ముద్దగా మారింది, దాని పక్కన పసుపు రంగు వరదలా పరుచుకుంది. కచేరి చేసిన మనుషుల కన్నా కచేరి తన మీద చేసిన పనినే అతను వేశాడు. పసుపు బాకా ఊదినట్టు, లేత నీలం పిల్లనగ్రోవిలా వినిపిస్తుందని తన పుస్తకంలో రాశాడు.

ఇది దొరల దేశపు ముచ్చట, మనకెందుకు అనుకోకండి. పాటను బొమ్మగా మార్చడం మన దక్కనుకు పాత విద్యే. వందల ఏళ్ల కిందటే ఇక్కడి చిత్రకారులు రాగమాల చిత్రాలు వేశారు. ఆరు రాగాలు, ఒక్కోదానికి ఐదు రాగిణులు, మొత్తం 36 బొమ్మలుగా వేసే వరుస ఒకటుంది. ఏ రాగం ఏ వేళ పాడాలి, అది వింటే మనసు ఎలా ఉంటుంది అన్నది రంగుల్లో చూపించారు. అవి నవాబుల ఇళ్లలోవి. మన వాడల్లోనూ ఉన్నాయి. డక్కలి వాళ్లు మాదిగ వాడలకు వచ్చి పటం విప్పి, పాడుతూ జాంబపురాణం చెప్పేవారు. చేర్యాల నకాషీ చిత్రకారులు అలాంటి పటాలకు బట్ట మీద గంజి, సుద్దమన్ను, చింతగింజల జిగురు పూసి, ఆరబెట్టి, ఆపైన ఎర్రటి నేలతో బొమ్మలు వేసేవారు. అక్కడ పాట, బొమ్మ ఒకదాన్నొకటి మోసుకుని తిరిగాయి.

ఈ పటాల్లో మనుషులున్నారు, దేవతలున్నారు. మరి మనిషి లేని బొమ్మ మనకుందా అంటే ఉంది. బతుకమ్మను చూడండి. అందులో కన్నూ ముక్కూ లేవు. తంగేడు పసుపు ఒక వరుస, గునుగు తెలుపు ఒక వరుస, రంగులో ముంచిన గునుగు మరో వరుస, బంతి ఇంకో వరుస. ఆ రంగుల గోపురం చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టి పాడతారు. "ఇందులో బొమ్మేది?" అని మన అమ్మలు ఎన్నడూ అడగలేదు. చదువుకున్నామనుకున్న మేమే అడిగాం.

మన తెలుగువాళ్లలో నైరూప్య చిత్రాలతో పేరు తెచ్చుకున్నవారూ ఉన్నారు. గుడివాడలో 1936లో పుట్టిన ఎస్.వి. రామారావు మద్రాసులో చదివి, లండన్ స్లేడ్ స్కూల్‌కు వెళ్లి, చికాగోలో స్థిరపడ్డారు. చిత్రకారుడే కాక కవి కూడా. మన మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ వేసేవి నైరూప్యాలు కావు, మనుషులు, మేకలు, చెట్లే. కానీ పల్లెలో చూసినదాన్ని సిగ్గుపడకుండా కాగితం మీదికి తెచ్చినందుకే ఆయన అంతవాడయ్యారు. 2016లో పద్మశ్రీ వచ్చింది.

"ఏది పడితే అది పూసి పాట అంటే సరిపోతుందా?" అని ఎవరైనా అడగవచ్చు. సరిపోదు. జెండా గీయడానికి ఎంత శ్రమ కావాలో దీనికి అంతకన్నా ఎక్కువే కావాలి. ముందు పాటను పదిసార్లు వినాలి. మొదటిసారి మాటలు వినిపిస్తాయి. తర్వాత గొంతు ఎక్కడ లేచింది, ఎక్కడ దిగింది, ఏది మళ్లీ మళ్లీ వచ్చింది, ఎక్కడ ఊపిరి తీసుకున్నారు అన్నవి వినిపిస్తాయి. వాటిలో ఒక్కదాన్ని పట్టుకోవాలి. డప్పయితే దెబ్బను, జోలపాటయితే ఊపును. చిన్న కాగితాల మీద నాలుగైదు రకాలుగా గీసి చూడాలి. ఏ రంగు పక్కన ఏది పెడితే గట్టిగా పలుకుతుందో, ఏది పెడితే మెత్తబడుతుందో చూసుకోవాలి. ఒక పూత ఆరాకే రెండోది వేయాలి, లేకుంటే రెండూ కలిసి బురదవుతాయి. అన్నింటికన్నా కష్టం, ఎక్కడ ఆపాలో తెలియడం. ఆ తమ్ముడికి ఇవన్నీ ఎవరూ చెప్పలేదు. అయినా పాటలో మౌనం ఎక్కడుందో కనిపెట్టి అక్కడ రంగు వేయకుండా ఆగాడు. మేము నవ్వింది ఆ తెలివిని చూసి.

ఇంకో మాట కూడా వింటుంటాం. కూలి చేసి మమ్మల్ని చదివిస్తుంటే ఈ రంగులెందుకు, ఉద్యోగం వచ్చే చదువు చదువుకోవాలి గానీ అని. ఆ మాట తీసిపారేసేది కాదు. మేమూ అలాగే చదివి బయటపడ్డాం. రంగులు వేస్తే కొలువు దొరుకుతుందని మేము ఆశ పెట్టం. కానీ దారులు లేకపోలేదు. డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలను ప్రభుత్వ పరీక్షల విభాగమే నిర్వహిస్తుంది. ఇంటర్ తర్వాత హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ప్రవేశపరీక్ష రాసి చిత్రకళలో డిగ్రీ చేయవచ్చు. ఈ సంగతి మాకు పదో తరగతిలో తెలియదు. మీకు తెలియాలి.

అసలు సంగతి అంతకన్నా పెద్దది. మనం హాస్టల్‌కు వచ్చేటప్పుడు పెట్టెలో బట్టలతోపాటు మన ఇంటి పాటలు కూడా వెంట వస్తాయి. నాటు పాట, డప్పు, బతుకమ్మ పాట. పది మందిలో వాటిని బయటపెట్టడానికి సిగ్గుపడి పెట్టె అడుగునే ఉంచుతాం. నవ్వేవాళ్లు బయటివాళ్లే కానక్కర్లేదు, పక్క మంచం వాళ్లయినా చాలు. ఆ ఏడాది నవ్వింది మేమే.

అందుకే మా మనవి మూడు ముక్కల్లో. వచ్చే వార్షికోత్సవానికి "పాటకు బొమ్మ" పోటీ మళ్లీ పెట్టాలి. అందులో జెండాకు ఎంత చోటుందో గీతలకూ అంతే చోటుండాలి. బహుమతి నిర్ణయించేవారు "ఇందులో బొమ్మేది?" అని కాక "నువ్వేం విన్నావు?" అని అడగాలి. చార్టులు, రంగులు పూర్వ విద్యార్థులుగా మేము తెస్తాం. రంగులు అయిపోతే పసుపు, బొగ్గు, ఇటుక పొడి, ఆకు పసరు ఉండనే ఉన్నాయి, ఆగకండి.

ఇక ఆ తమ్ముడికి ఒక మాట. ఈ సంచిక నీ చేతికి వస్తే, ఆ రోజు నవ్వినందుకు మమ్మల్ని క్షమించు. పోటీ రోజున వీలు చూసుకుని రా. ఆ నాటు పాటను మళ్లీ వెయ్యి. ఈసారి పిల్లలకు ఆ ఖాళీల సంగతి నువ్వే చెప్పు, మేము వెనక వరుసలో కూర్చుని వింటాం.