గేటు తీసిందీ వాళ్లే, వేసిందీ వాళ్లే

మీ ఫోన్‌లో ఫోన్‌పే ఉంటుంది, కూరగాయల బండి మీద గూగుల్ పే స్టిక్కరు ఉంటుంది. అయినా నలభై రూపాయలు చేరిపోతాయి. అదే ఫోన్‌లోని సిగ్నల్ యాప్ నుంచి, వాట్సాప్ ఒక్కటే వాడే పెద్దమ్మకు "భోంచేశావా" అని పంపండి చూద్దాం. వెళ్లదు. డబ్బుకు లేని అడ్డం మాటకెందుకు?

చేతకాక కాదు. 1999లోనే జెరెమీ మిల్లర్ అనే అమెరికా కుర్రాడు జాబర్ అనే సందేశాల వ్యవస్థను లోకం ముందు పెట్టాడు. ఈమెయిల్ పద్ధతే: ఎవరి సర్వరు వాళ్లది, సర్వర్లు తమలో తాము మాట్లాడుకుంటాయి. 2004లో అది ఎక్స్‌ఎంపీపీ పేరుతో ఇంటర్నెట్ ప్రమాణమైంది. మర్నాడే అన్నట్టు 2005లో గూగుల్ టాక్ దాని మీదే వచ్చింది. 2006లో బయటి సర్వర్లకు గేటు తీసింది. జీమెయిల్ పక్కన పచ్చచుక్క ఎప్పుడు వెలుగుతుందా అని కాచుక్కూచున్న మాకు ఈ సంగతేదీ తెలియదు, అది వేరే విషయం. 2013లో గూగుల్ టాక్ స్థానంలో హ్యాంగౌట్స్ వచ్చింది, గేటు పడింది. వాట్సాప్ మొదలైందీ ఎక్స్‌ఎంపీపీని తనకు తగ్గట్టు కుదించుకునే. నుయ్యి ఊరిది, చేద మాత్రం తనది.

తప్పంతా కంపెనీలదే అననులెండి. ఎక్స్‌ఎంపీపీ పుట్టింది బల్ల మీది కంప్యూటర్ల కాలంలో. సిగ్నలు పోయి వచ్చే ఫోన్‌లో సందేశాలు గల్లంతయ్యేవి. దానికి మందులు తర్వాత తయారయ్యాయి, కానీ వేసుకోవడం ఎవరిష్టం వాళ్లది. ఒక యాప్ వేసుకునేది, పక్కది వేసుకునేది కాదు. అందరూ ఒప్పుకుంటే తప్ప కదలని ప్రోటోకాల్ అక్కడే గడ్డకడుతుందని సిగ్నల్ సృష్టికర్త మాక్సీ మార్లిన్‌స్పైక్ 2016లో వాదించాడు. సగం నిజం. యూపీఐ గడ్డకట్టలేదే! అక్కడ దాన్ని నడిపే ఎన్‌పీసీఐ నిబంధన పెడితే అన్ని యాప్‌లూ పాటించి తీరాలి.

ఐరోపా ఆ దారే పట్టింది. అక్కడి డిజిటల్ మార్కెట్ల చట్టం కింద, 2024 మార్చి నుంచి, అడిగిన ఇతర యాప్‌లకు వాట్సాప్ దారివ్వాలి, రహస్య సంకేతీకరణ చెడకుండా. గ్రూపులకు కూడా పనికొచ్చే సంకేతీకరణ ప్రమాణం ఎంఎల్ఎస్ 2023లోనే వచ్చింది కాబట్టి, కలిస్తే రహస్యం చెడుతుందనే సాకూ పలచబడింది.

ఆ చట్టం మనకు వర్తించదు. ఇక్కడ, తమ సందేశాల యాప్ అరట్టై కూడా యూపీఐలా అందరితో కలవాలని జోహో వ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబు 2025లో అన్నారు. మంచి మాటే. కానీ తెరుస్తామనే హామీ గూగుల్ దగ్గరా చూశాం. ఈసారి మూయడానికి వీల్లేదనే నిబంధన కావాలి, అది ఢిల్లీ నుంచి రావాలి.